అమర్చిన కాలేయంలో ఏ కణం ఎవరిది?

ప్రశ్న: మూడేళ్ల క్రితం మా చెల్లెలు నాన్నకు కాలేయంలో కొంత ఇచ్చింది. అది పూర్తిగా ఆయనదైపోవడానికి ఎన్నేళ్లు పడుతుంది?
– నరసరావుపేట

జవాబు: ఎన్నేళ్లయినా కాదు. ఏ కణం ఎవరిదో పరీక్షించి చూస్తే ఇది తెలుస్తుంది. మగవారి కణాల్లో వై క్రోమోజోమ్ ఉంటుంది, ఆడవారి కణాల్లో ఉండదు. కాలేయం నుంచి సూదితో తీసిన ముక్కకు వైని పట్టుకునే మెరిసే రంగు వేస్తే తండ్రి కణాల్లో చుక్క వెలుగుతుంది, కూతురి కణాల్లో వెలగదు. ముక్కను పలచగా కోసేటప్పుడు కేంద్రకం తెగి, తండ్రి కణంలోనూ చుక్క తప్పిపోవచ్చు. అందుకే డీఎన్ఏలో చిన్న చిన్న వరుసలు ఎన్నిసార్లు పునరావృతమయ్యాయో కూడా లెక్కిస్తారు. ఒకచోట తండ్రికి 12, 14; కూతురికి 14, 17 ఉన్నాయనుకుంటే, ఆ 17 తల్లి నుంచి వచ్చింది. తండ్రి కాలేయంలో కూతురి కణాలను పట్టిచ్చేది తల్లి ఇచ్చిన ఆ గుర్తే.

ఇలా వెతికితే కాలేయంలోని రోగనిరోధక కణాలు చాలావరకు గ్రహీతవిగా మారినట్టు కనిపిస్తుంది. అసలు పని చేసే హెపటోసైట్లు మాత్రం దాదాపు అన్నీ దాతవే.

ఈ ప్రశ్న వెనక ఉన్నది, కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరస్కరించకుండా వేసుకునే మాత్రల మీద విసుగు కావచ్చు. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ తండ్రి ఒంటికి ఆ కాలేయం ఇప్పటికీ పరాయిదే. ఆ మాత్రల్లో ఒకటైన టాక్రోలిమస్ మోతాదు తగ్గించాలా వద్దా అన్నది రక్తపరీక్షలు చూసి డాక్టరు తేల్చాలి, ఇంట్లోవాళ్లు కాదు. మాత్రలు మాని పసరు పట్టించడం మరీ ఘోరం. ఒంటికి మంచిదని నమ్మి తాగిన తిప్పతీగతోనే కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ రోజుల్లో మన దేశంలో నమోదయ్యాయి. చెల్లెలు కడుపు కోయించుకుని ఇచ్చిన కాలేయాన్ని పసరుకు బలి పెట్టకూడదు.

ప్రశ్న: కాలేయం మారిస్తే రక్తం గ్రూపు మారుతుందా?
– మాచర్ల

జవాబు: సాధారణంగా మారదు. ఆస్ట్రేలియాలో ఒక బాలికకు మారినట్టు 2008లో వైద్య పత్రికలో వచ్చింది. అది అత్యంత అరుదు.

ప్రశ్న: అమ్మకు సిరోసిస్. ఆపరేషన్ లేకుండా కాలేయ కణాల ఇంజెక్షన్‌తో నయమవుతుందని ఫోన్‌లో చూశాం. నిజమేనా?
– గురజాల

జవాబు: హైదరాబాద్ దక్కన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కాలేయం హఠాత్తుగా విఫలమైన రోగులకు పిండపు కాలేయ కణాలు ఎక్కించి 1994లో ఫలితాలు ప్రచురించింది. అది పరిశోధనే, రుజువైన చికిత్స కాదు. ఎక్కించిన కణాలు బతికాయా, లేక రోగి సొంత కణాలే కోలుకున్నాయా అన్నది తేలాలంటే పైన చెప్పిన గుర్తులే ఆధారం. అలాంటి రుజువు చూపకుండా డబ్బు అడిగే ఇంజెక్షన్‌కు పొలం అమ్ముకోవద్దు. అమ్మ రిపోర్టులన్నీ తీసుకుని కాలేయ నిపుణుడి దగ్గరకు వెళ్లాలి. మార్పిడి అవసరమని తేలితే ఆస్పత్రి ద్వారా ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో వెంటనే పేరు నమోదు చేయించాలి.