పాఠం 14: ఊళ్ళోనే ఇల్లు

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- పట్టణంలో పేదల ఇళ్ళు ఎవరు కడతారో చెప్పగలుగుతారు.
- ఇల్లు ఎక్కడ కడుతున్నారనేది ఎందుకు ముఖ్యమో వివరించగలుగుతారు.
- పురపాలక ఎన్నికలకూ, ఇళ్ళ నిర్మాణానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.

14.2 పరిచయం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. డబ్బున్నవారికే కష్టమైన పని ఇది. రోజు కూలితో బతికేవారు పట్టణంలో స్థలం కొని ఇల్లు కట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే వారికి ప్రభుత్వమో, పురపాలక సంఘమో తోడు రావాలి. ఈ విషయాన్ని పుదుచ్చేరి పట్టణం ఉదాహరణగా తెలుసుకుందాం. మన యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. కాబట్టి ఈ కథ మనకు దూరపు కథ కాదు.

14.3 పల్లం కథ

పుదుచ్చేరి పట్టణంలో కుమరగురుపళ్ళం అనే ప్రాంతం ఉంది. తమిళంలో 'పళ్ళం' అంటే మన తెలుగు 'పల్లం'. నీరు పల్లమెరుగు అని సామెత. పేదవాడి గుడిసె కూడా చాలా పట్టణాల్లో పల్లాన్నే వెతుక్కుంటుంది. ఎందుకంటే మెరక స్థలం ధర అతనికి అందదు. వాన వస్తే మొదట మునిగేది ఆ గుడిసే.

పుదుచ్చేరిని కేంద్ర ప్రభుత్వం 2017లో స్మార్ట్ సిటీ పథకానికి ఎంపిక చేసింది. ఆ పథకం కింద కుమరగురుపళ్ళంలో పేద కుటుంబాల కోసం బహుళ అంతస్తుల భవనం కట్టారు. అందులో రెండు వందలకు పైగా ఇళ్ళు ఉన్నాయి.

14.4 ఎక్కడ కట్టాలి?

ఒక ఇల్లాలు నాలుగు ఇళ్ళలో పాచిపని చేస్తుందనుకుందాం. ఆమె భర్త మార్కెట్టులో మూటలు మోస్తాడు. పిల్లలు దగ్గరి బడికి నడిచి వెళతారు. ఈ కుటుంబానికి ఊరికి చాలా దూరంలో పక్కా ఇల్లు ఇస్తే ఏమవుతుంది? గోడలు గట్టివే. కాని బస్సు ఛార్జీలకే కూలిలో కొంత పోతుంది. తెల్లవారుజామున చేరవలసిన పని చెయ్యి జారుతుంది. పిల్లల బడి మారుతుంది.

హైదరాబాద్ మహానగరపాలక సంస్థ పేదల కోసం కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ళు కట్టించింది. 2023 జూన్‌లో వాటిని ప్రారంభించారు. ఒకేచోట అన్ని ఇళ్ళు కట్టడం పెద్ద పనే. అయితే కొల్లూరు నగరం నడిబొడ్డున లేదు, ఔటర్ రింగు రోడ్డు వైపున ఉంది. అంత స్థలం ఊరి మధ్యలో దొరకదు. కాని ఊరి మధ్యలో పని ఉన్నవారికి ఆ దూరం రోజువారీ ఖర్చు.

ఊళ్ళోనే కట్టాలంటే స్థలం తక్కువ కాబట్టి అంతస్తులు పెంచాలి. అందులోనూ ఇబ్బందులు ఉన్నాయి. గుడిసెకు లిఫ్టు అక్కరలేదు, మేడకు కావాలి. లిఫ్టు, నీటి పంపు, మెట్ల దీపాలు బాగుండాలంటే నెలనెలా డబ్బు కావాలి. అది ఎవరు భరించాలో తాళం చెవులు ఇచ్చే ముందే తేల్చుకోవాలి.

14.5 ఎవరు కడతారు?

పుదుచ్చేరిలో ఈ పని చూసే ముఖ్య సంస్థ మురికివాడల నిర్మూలన బోర్డు. దాని తమిళ పేరులో 'నిర్మూలన' లేదు, 'గుడిసెల మార్పు' అని ఉంది. రెండు మాటల తేడా గమనించండి. నిర్మూలిస్తే గుడిసె పోతుంది. మారిస్తే గుడిసె ఇల్లవుతుంది.

మరి పురపాలక సంఘం పాత్ర ఏమిటి? 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంది. మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన వాటిలో ఉన్నాయి. అయితే పుదుచ్చేరిలో 1968 తరవాత 2006లో గాని పురపాలక ఎన్నికలు జరగలేదు. అప్పుడు గెలిచినవారి పదవీకాలం 2011లో ముగిసింది. ఆ తరవాత 2025 వరకు మళ్ళీ ఎన్నికలు లేవు. వార్డు సభ్యుడు లేనప్పుడు 'మా వీధివాళ్ళకు ఇల్లు ఎక్కడ?' అని సభలో అడిగేవారు ఉండరు. అధికారికి అర్జీ పెట్టవచ్చు. కాని అతన్ని ఓటుతో మార్చలేము.

ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరం చూడండి. అక్కడ ప్రజలు ఎన్నుకున్న నగర సభ 1923లో ఇళ్ళపై ప్రత్యేక పన్ను వేసింది. పెద్ద ఇళ్ళవారు ఎక్కువ చెల్లించారు. ఆ ఆదాయం తోడుగా పదేళ్ళలో 60,000కు పైగా ఇళ్ళు కట్టి తక్కువ అద్దెకు ఇచ్చింది. 1934లో ఆ సభను బలవంతంగా రద్దు చేశారు. ఆ నిర్మాణ కార్యక్రమం అంతటితో ముగిసింది.

14.6 మీకు ఉపయోగపడే విషయాలు

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015లో మొదలై, 2024లో రెండవ దశలోకి వచ్చింది. దరఖాస్తు చేసే కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఏడాది ఆదాయం మూడు లక్షల రూపాయల లోపు ఉంటే ఆర్థికంగా బలహీన వర్గంగా లెక్కిస్తారు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోండి. జాబితాలో పేరు లేకపోతే కారణం అడగండి.

14.7 సారాంశం

పేదవారికి పక్కా ఇల్లు అవసరం. ఆ ఇల్లు పనికీ, బడికీ దగ్గరగా ఉండాలి. అది ఎక్కడ కట్టాలో నిర్ణయించేటప్పుడు అందులో ఉండబోయేవారి మాట వినాలి. ఆ మాట సభకు చేరే దారి పురపాలక ఎన్నిక.

14.8 పదాల అర్థాలు

మెరక = ఎత్తయిన నేల
నిర్మూలన = పూర్తిగా లేకుండా చేయడం
అర్జీ = విన్నపం
సవరణ = చట్టంలో చేసిన మార్పు

14.9 మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. 74వ రాజ్యాంగ సవరణ ఎప్పుడు అమలులోకి వచ్చింది?
2. 'నిర్మూలన', 'మార్పు' మాటలకు తేడా ఏమిటి?
3. ఊరికి దూరంగా ఇల్లు ఇస్తే కలిగే రెండు నష్టాలు రాయండి.
4. మీ ఊళ్ళో పేదలకు ఇళ్ళు ఎక్కడ కట్టారు? అక్కడివారు పనికి ఎలా వెళుతున్నారు? ఒకరిని అడిగి ఐదు వాక్యాలు రాయండి.

జవాబులు: 1. 1993 జూన్ 1. 2, 3 ప్రశ్నలకు 14.5, 14.4 భాగాలు చూడండి. 4వ ప్రశ్నకు జవాబు మీ ఊళ్ళోనే ఉంది.