చార్మినార్ బొమ్మ: సిరా గీత, నీళ్ళ రంగు

హైదరాబాద్ పాత బస్తీలో చార్మినార్ ఉంది. దీన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. చార్ అంటే నాలుగు. నాలుగు మినార్లు ఉన్నాయి కాబట్టి చార్మినార్ అయింది. రాయితో, సున్నపు గచ్చుతో కట్టారు. నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద కమానులు ఉన్నాయి. పైన గడియారాలు ఉన్నాయి. వాటిని 1889లో పెట్టారు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉంది.

ఇంత పెద్ద కట్టడం బొమ్మ వేయడం కష్టమా? ముగ్గు వేసే చేతికి కష్టం కాదు.

కావలసినవి

మందమైన డ్రాయింగ్ కాగితం, పెన్సిల్, రబ్బరు, సిరా కలం, నీళ్ళ రంగులు, కుంచె, రెండు గ్లాసుల నీళ్ళు, పాత గుడ్డ పేలిక. చూసి వేయడానికి చార్మినార్ ఫోటో. నోటుబుక్కు కాగితం పలచగా ఉంటుంది. తడి తగిలితే ముడతలు పడుతుంది.

ముందు చుక్కలు

ముగ్గుకు ముందు చుక్కలు పెడతారు కదా. ఇక్కడా అంతే. కాగితం మధ్యలో నిలువుగా సన్నని పెన్సిల్ గీత గీయాలి. గీతకు ఎడమ పక్క ఎంతో, కుడి పక్క అంతే. ఫోటోలో కట్టడం వెడల్పును పెన్సిల్‌తో కొలవాలి. ఎత్తులో ఆ వెడల్పు ఎన్నిసార్లు వస్తుందో చూడాలి. కాగితం మీదా అన్నిసార్లే రావాలి. మూలలకు చుక్కలు పెట్టి కలపాలి. ముందున్న రెండు మినార్లు, వాటి మధ్య కమాను వేయాలి. వెనక మినార్లు కాస్త చిన్నగా వేయాలి. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది.

తర్వాత సిరా

చిత్తు కాగితం మీద సిరా గీత గీసి ఆరనివ్వాలి. తడి వేలితో రుద్ది చూడాలి. సిరా అలుక్కుపోతే ముందు రంగు వేసి, ఆరిన తర్వాత సిరా గీయాలి. అలుక్కుపోకపోతే ముందే గీయవచ్చు. సిరా బాగా ఆరాకే పెన్సిల్ గీతలు తుడవాలి.

"సిరా చెరగదు కదా బిడ్డా. తప్పు పోతే ఎట్ల?" అని ఒక తల్లి ఏడో తరగతి చదివే కూతుర్ని అడిగింది.

"వాకిట్ల ముగ్గు గీత వంకర పోతే ఏం చేస్తవమ్మా?"

"పక్కన ఇంకో గీత కలుపుత."

"ఇదీ అంతే."

తల్లి కలం పట్టింది. కమాను కొంచెం వంగింది. పక్కన ఇంకో గీత కలిపింది. అది నీడలాగా కుదిరింది.

చివర రంగు

నీళ్ళ రంగుల్లో లేతది ముందు, ముదురుది తర్వాత. ముదురు రంగు వేశాక లేత చేయడం కష్టం. పసుపులో కాస్త గోధుమ రంగు, ఎక్కువ నీళ్ళు కలిపితే పాత గచ్చు రంగు వస్తుంది. ఒక పూత ఆరాకే రెండో పూత వేయాలి. లేకపోతే రంగులు కలిసి బురద అవుతాయి. నీలంలో గోధుమ రంగు కలిపితే బూడిద రంగు వస్తుంది. అది కమాను లోపలి నీడకు పనికొస్తుంది. ఎండ పడే చోట రంగు వేయకుండా వదలాలి. అక్కడ కాగితమే తెల్ల రంగు. ఒక గ్లాసు నీళ్ళు కుంచె కడగడానికి, రెండోది రంగు కలపడానికి.

బొమ్మ కింద పేరు, తేదీ రాయాలి. ఆ తల్లి ఇదివరకు ఎక్కడికి పోయినా వేలిముద్రే వేసేది. ఈసారి సిరా కలంతో తన పేరు రాసింది. ఏ అక్షరమూ చెరపలేదు.

చేసి చూడండి

1. చార్మినార్ ఎప్పుడు కట్టారు? ఎవరు కట్టించారు?
2. నీళ్ళ రంగుల్లో ఏ రంగు ముందు వేయాలి? ఎందుకు?
3. మీ ఊరి గుడి, మసీదు, చర్చి, బడి — ఏదైనా ఒకటి చూసి బొమ్మ వేయండి. కింద మీ పేరు రాయండి.