చేతిపని రైలుబండ్లు, అంగడి రైలుబండ్లు

అమెరికా, ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలో పెద్దవారు సహితము మిక్కిలి శ్రద్ధతో సాగించు వినోదమొకటి కలదు. నిజమైన రైలుదారిని, దానిపై నడచు బండ్లను, స్టేషనులను, వంతెనలను కొలత తప్పక చిన్నవిగా చేసి, యింటిలో నొక గదియందో నేలమాళిగయందో అమర్చి నడుపుదురు. దీనిని పిల్లలయాట యన్నచో వారికి కోపము వచ్చును. ఈ వినోదము నూరేండ్లలోపల చేసికొనుటనుండి కొనుటకు మారిన విధమును మేమిచట వివరింపబూనితిమి.

ముందుగా కొలతను తెలిసికొనవలయును. ఎక్కువ వ్యాప్తిలోనున్న కొలతకు హెచ్.ఓ. అని పేరు. ఇందు నిజమైన బండియందలి యొక్కొక్క అడుగునకు 3.5 మిల్లీమీటర్లు లెక్క. అనగా నమూనా అసలుబండిలో సుమారు 87వ వంతు. 40 అడుగుల సామానుబండి 140 మిల్లీమీటర్లగును, జానెడైనను ఉండదు. దాని తలుపునకుండు నాలుగంగుళముల గడియ 1.2 మిల్లీమీటర్లకు దిగును. అట్టి గడియను చేతితో చేసినవారి యోర్పును విద్యార్థులే యూహింపవచ్చును.

బొమ్మబండ్లు అంగడులలో చిరకాలమునుండి కలవు. జర్మనీలోని గోపింగెను పట్టణపు మెర్క్లిన్ సంస్థవారు 1891లో లైప్జిగు సంతయందు, కొలతలు నిర్ణయించిన పట్టాలపై చావి యిచ్చిన నడచు బండ్లను ప్రదర్శించిరి. ఇంగ్లండున 1920 నుండి ఫ్రాంక్ హార్న్‌బీ బండ్లు వెలువడినవి. ఐనను అవి బాలురకై చేసినవి. చక్రములు మందము, మలుపులు మిక్కిలి ఇరుకు. నిజమైన పోలిక కోరువాడు తానే చేసికొనవలసివచ్చెను.

1934లో అమెరికాయందలి మిల్వాకీ నగరమున ఏ. సి. కాల్మ్‌బాక్ అనునతడు 'మోడల్ రైల్‌రోడర్' అను పత్రికను స్థాపించెను. 1935లో అదే నగరమున ఈ వినోదమునకు జాతీయ సంఘమేర్పడి, చక్రముల అంచునకును పట్టాల యెడమునకును కొలతలు నియమించెను. ఒకని బండి మరియొకని దారిపై నడువవలెననియే వారి తలంపు. కాని యందరి కొలత యొక్కటియైన పిమ్మట కర్మాగారమువాడు ఒక్క తీరున వేలకొలది బండ్లు చేసి యమ్ముటకు దారి యేర్పడినది. కొనువారికి బాట వేసినవారు చేయువారే యనుట వింతగా తోచును గాని యది నిజము.

నాటి పనివాడు కట్టెపుల్లలను కోసి స్లీపరులుగా పరచి జిగురుతో అంటించును. వానిపై పట్టాను నిలిపి, యెడమును కొలబద్దతో చూచుకొనుచు, సూదివంటి మేకులను శ్రావణముతో పట్టి యొక్కొక్కటిగా దింపును. సామానుబండికి పలుచని చెక్కపై గీతలు గీచిన పలకల వరుసలగును. ఇంజనునకు ఇత్తడిరేకు, సన్నని రంపము, ఆకురాయి, మాటువేయు సాధనము కావలయును. ముషలకము కడ్డీని, కడ్డీ చక్రమును ఎట్లు త్రోయునో తెలియక యింజను చేయుట పొసగదు గనుక, ఆవిరియంత్రశాస్త్రము కొంత వానికి చేతివ్రేళ్లగుండ పట్టుబడెడిది.

మార్పు మెల్లగా వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట అమెరికా వర్తకులు జపానులోని చిన్న కర్మశాలలనుండి ఇత్తడి యింజనులను తెప్పింపసాగిరి. జపానులో కూలి పెరిగినప్పుడు ఆ పని కొరియాకు పోయెను. 1950 దశకమున ఆథర్న్ సంస్థవారి నీలిరంగు డబ్బాలలో ప్లాస్టిక్ బండి భాగములు విడివిడిగా వచ్చెడివి, కొలదిసేపటిలో అమర్చుకొనవచ్చును. డబ్బాను కుదిపినచో బండి దానంతటదే కూడుకొనునని అక్కడివారు పరిహాసమాడెడివారు. 2009 ప్రాంతమున ఆ డబ్బాలును నిలిచిపోయినవి.

దీనికి కారణము సోమరితనమని కొందరు వృద్ధులు నిందింతురు. మాకది న్యాయముగా తోచదు. ఉక్కు అచ్చు చేయుటకు ధనము విస్తారము కావలెను. అచ్చైన పిమ్మట బండి పైకప్పు క్షణములలో పోతవడును. కాని చేతికమ్ములు గ్రుచ్చుట, అక్షరములు ముద్రించుట మనుష్యుల చేతనే కావలసిన పని. బాక్‌మన్ సంస్థను 1987లో హాంగ్‌కాంగువారు కొనిరి. హార్న్‌బీ సంస్థ 1990 దశకమున తన తయారీని చైనాకు మార్చెను. తక్కువ కూలికి నేర్పుగల చేతులు దొరకుటచే, మంచి పనివాడు నెలలు శ్రమించి చేయు సొగసు అంగడిలో దొరకసాగినది. అంగడి బండియు చేతిపనియే. ఆ చేతులు పరుల చేతులైనవి, అంతియే.

చేతులు వణకు ముదుసలికిని, తీరిక లేని ఉద్యోగికిని ఇందువలన మేలే కలిగినది. కాలపట్టికను అనుసరించి బండ్లు నడుపుటయందే ప్రీతిగలవారు నిర్మాణమునకై యేండ్లు కాచియుండ నక్కరలేదు. ఐనను నష్టము లేకపోలేదు. ఇప్పటి సంస్థలు పెక్కు ముందుగా వచ్చిన కోరికలను బట్టి కొన్ని బండ్లు మాత్రమే చేయును. అవి చెల్లిపోయినచో కోరినవాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. లోపల చిన్న విద్యుత్ పలక చెడినచో ఆకురాయి పట్టిన నేర్పు పనికిరాదు. పూర్వపు బాలుడు చేతిఖర్చుతో నొక్కొక్క డబ్బా కొనుచు చేరదీయగలిగెడివాడు. నేటి సిద్ధపుబండి వెల వానికి బరువు.

చేయువారు పూర్తిగా అంతరించలేదు. ఇంగ్లండున లాంగ్ విటెన్హాం గ్రామమందలి పెండన్ ప్రదర్శనశాలలో 1930 ప్రాంతపు పల్లెల నమూనాలను స్వచ్ఛంద సేవకులు అట్టతో ఇల్లిల్లుగా కట్టుచున్నారు. జాన్ అహర్న్ నిర్మించిన మాడర్ వ్యాలీ రైలుదారియు అచటనే భద్రపరుపబడినది.

మన విద్యార్థులకు మరియొక లెక్క. హెచ్.ఓ. పట్టాల యెడము 16.5 మిల్లీమీటర్లు. అది 4 అడుగుల 8.5 అంగుళముల దారికి సరిపోవును. మన దేశపు పెద్దదారి 5 అడుగుల 6 అంగుళములు, దానిని 3.5తో గుణించినచో 19.25 వచ్చును. కనుక బెజవాడ మీదుగా పోవు మెయిలుబండిని కొలత తప్పక చేయనెంచువానికి అంగడిలోని హెచ్.ఓ. పట్టాలు పనికిరావు. స్లీపరులు తానే కోసి, పట్టాలు తానే దింపి, ప్రతి యిరుసును రెండున్నర మిల్లీమీటర్లకు పైగా పొడిగింపవలయును.