సైకిల్ హబ్బు ఎందుకు అరుస్తుంది? – ఒక కందెన పాఠం



వార్షికోత్సవ సంచికలో లక్ష్యసాధన గురించి, చదువు విలువ గురించి చాలామంది రాస్తారు. నేను మాత్రం హాస్టల్ గోడకు ఆనించి ఉండే సైకిళ్ల గురించి రాస్తున్నాను. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్లలో, బస్సు దిగాక మిగిలే దారికి చాలా ఇళ్లలో ఇప్పటికీ సైకిలే ఆధారం. తునికాకు కట్టలు, కట్టెల మోపు, బియ్యం బస్తా, బడికి పోయే చెల్లెలు – అన్నీ దాని మీదే. ఆ బరువంతా చివరికి చేరేది చక్రం నడుమ ఉన్న పిడికెడంత హబ్బు మీదికి. అది అరిస్తే మనవాళ్లు చేతికందిన నూనె పోస్తారు. అరుపు ఆగుతుంది. మరి రోగం పోయిందా? ఈ పాఠం దాని గురించే.

హబ్బు లోపల ఏముంది?

హబ్బుకు రెండు పక్కలా ఉక్కు కప్పులు, ఇరుసు మీద మరలతో బిగించిన రెండు కోన్లు, వాటి మధ్య బాల్స్ ఉంటాయి. మన మామూలు సైకిళ్లలో సాధారణంగా ముందు చక్రానికి 3/16 అంగుళం బాల్స్ పక్కకు 10, వెనుక చక్రానికి 1/4 అంగుళం బాల్స్ పక్కకు 9 పడతాయి. జారుడు ఘర్షణ కంటే దొర్లుడు ఘర్షణ చాలా తక్కువ అని మనం హైస్కూల్లో చదువుకున్న సూత్రమే ఇది. సైకిల్‌కు బాల్ బేరింగుల పేటెంటును 1869లో పారిస్‌కు చెందిన జూల్ సురిరే పొందాడు. అదే ఏడాది పారిస్ నుంచి రువాన్ వరకు జరిగిన పందెంలో జేమ్స్ మూర్ బాల్ బేరింగుల సైకిల్ తొక్కి గెలిచాడు.

28 అంగుళాల చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతాం. అంటే కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు. రోజుకు పోను రాను 10 కిలోమీటర్లు తొక్కేవారి హబ్బు రోజూ 4,500 చుట్లు తిరుగుతుంది. బాల్ కోన్‌ను తాకే చోటు సూదిమొనంత. ఆ చోట పల్చని నూనె పొర ఉన్నంతకాలం ఉక్కు ఉక్కును గీరదు. పొర పోయిన రోజున మనకు చప్పుడు వినిపిస్తుంది.

అరుపును బట్టి రోగం

ముందు చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పండి. రెండో చేయి ఫ్రేము మీద ఉంచండి. చెవితో పాటు చేయి కూడా చెబుతుంది.

– తొక్కడం ఆపితే వెనుక చక్రం దగ్గర టిక్ టిక్ మనడం ఫ్రీవీల్ లక్షణం. లోపలి చిన్న ఉక్కు నాలుకలు పళ్ల మీద పడే చప్పుడది. అది రోగం కాదు.
– కరకర మంటూ చేతికి గరుకుగా తగిలితే లోపల దుమ్ము చేరింది, లేదా గ్రీజు ఎండిపోయింది.
– మెల్లగా తిప్పినప్పుడు ఒకచోట తట్టుకుంటే బాల్ పగిలి ఉండవచ్చు, లేదా కోన్ గుంటలు పడి ఉండవచ్చు.
– రిమ్మును పట్టుకొని పక్కలకు ఊపితే ఊగుతోందంటే కోన్ వదులైంది.
– చక్రం ఒట్టిగా తిరిగితే చప్పుడు లేదు, పెడల్ తొక్కితేనే వస్తోందంటే హబ్బును అనుమానించకండి. పెడళ్లు, చైను చూడండి.

నూనె పోస్తే ఏమవుతుంది?

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. మన ఏజెన్సీలో పుష్యమాసపు తెల్లవారుజాము ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇప్పనూనె కూడా చలికి పేరుకునేదే. వంటనూనెల అణువుల్లోని ద్విబంధాలు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి జిగురుగా మారతాయి. వంటింట్లో నూనె డబ్బా మూత చుట్టూ పట్టే జిగురు అదే. ఇంజన్ నుంచి తీసిన మడ్డి ఆయిల్‌లో మసి, అరిగిన లోహపు పొడి ఉంటాయి. అది చర్మానికి కూడా మంచిది కాదు. కిరోసిన్ కడగడానికి బాగుంటుంది గాని, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది.

అన్నిటికంటే పెద్ద నష్టం దుమ్ముతో. మణుగూరు, ఇల్లందు రోడ్ల మీద బొగ్గుపొడి, అడవి బాటల్లో ఎర్రమట్టి, గోదావరి ఒడ్డున ఇసుక. పైనుంచి పోసిన నూనె ఈ దుమ్మును లోపలికి తీసుకుపోతుంది. నూనె, ఇసుక కలిస్తే అది కందెన కాదు, సానబట్టే ముద్ద. చప్పుడు రెండు రోజులు తగ్గుతుంది, అరుగుదల మాత్రం పెరుగుతుంది. పైగా ఎక్కువైన నూనె పుల్లల వెంట రిమ్ము మీదికి జారితే బ్రేకు రబ్బరు పట్టదు. బరువుతో వాలు దిగేటప్పుడు అది ప్రాణం మీదికి వస్తుంది.

సైకిల్ షాపుల్లో ‘ఓవరాయిలింగ్’ అనే మాట వింటాం. అసలు మాట ఓవర్‌హాలింగ్. అంటే పూర్తిగా విప్పి, పరీక్షించి, బాగుచేసి బిగించడం. మన నోట్లో పడి అది ఆయిల్‌గా మారింది. మాటతో పాటు పని కూడా మారిపోవడమే చిక్కు.

సరైన పద్ధతి

1. చక్రం ఊడదీసి పళ్లెంలో గుడ్డ పరిచి, దాని మీద ఒక పక్క కోన్ విప్పండి. బాల్స్ ఎన్నో లెక్కపెట్టి రాసుకోండి.
2. కప్పులు, కోన్లు, బాల్స్ కిరోసిన్‌లో కడిగి పొడిగుడ్డతో తుడవండి. దీపానికి, పొయ్యికి దూరంగా కూర్చోండి.
3. కోన్ దారి మీద గోరు నడపండి. గుంట తగిలితే కోన్ మార్చాలి. బాల్స్ మారిస్తే అన్నీ ఒకే సైజువి ఒకేసారి మార్చాలి. ఒకటి పెద్దదైతే బరువంతా దాని మీదే పడుతుంది.
4. కప్పుల నిండా గ్రీజు పెట్టి బాల్స్ అమర్చండి. గ్రీజే వాటిని పడిపోకుండా పట్టుకుంటుంది.
5. కోన్ బిగించేటప్పుడు ఊగకూడదు, పట్టేయకూడదు. ముందు చక్రాన్ని పైకెత్తి వాల్వు పక్కకు వచ్చేలా వదిలితే, వాల్వు బరువుకే చక్రం మెల్లగా తిరిగి వాల్వు కిందికి రావాలి.
6. ఫ్రీవీల్‌లో గ్రీజు వద్దు, పల్చని మెషిన్ ఆయిల్ నాలుగు చుక్కలు చాలు. గ్రీజు పెడితే నాలుకలు అతుక్కొని, తొక్కినప్పుడు పెడల్ జారిపోతుంది.
7. చివరగా రిమ్మును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి.

వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఇలా చేస్తే మామూలు వాడకానికి సరిపోతుంది. కానీ హబ్బు మునిగేలా వాగు దాటించిన సైకిల్‌ను మాత్రం ఎక్కువ రోజులు ఆగకుండా విప్పి చూడాలి. లోపల నిలిచిన నీరు తుప్పు పట్టించి కోన్‌ను గుంటలు చేస్తుంది. కోన్ చిన్న వస్తువే. హబ్బే పోతే చక్రం మొత్తం మళ్లీ పుల్లలు అల్లించాలి. కూలికి పోయే మనిషికి ఖర్చు ఒకవైపు, పోయిన పనిదినం ఇంకోవైపు.

తాత కందెన, తరగతి గ్రీజు

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన పెట్టేవారు. సుమతీ శతకంలో సైతం ఇరుసు కందెన ప్రస్తావన ఉంది. మా తాత అక్షరం రానివాడు. అయినా అన్ని నూనెల్లో ఆముదమే ఎందుకో ఆయనకు చేతి అనుభవంతో తెలుసు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. దాని కారణం నాకు ఎం.ఎస్సీ. తరగతిలో తెలిసింది. ఆముదంలో నూటికి 85 నుంచి 90 వంతులు రిసినోలియిక్ ఆమ్లం. దానిలోని హైడ్రాక్సిల్ సమూహం వల్ల అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే ఆముదానికి అంత చిక్కదనం. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లలోనూ దాన్నే వాడారు. బండి ఇరుసుకు కందెన తరచూ మళ్లీ పెడతారు కాబట్టి అక్కడ ఆముదం చాలింది. నెలల తరబడి మూసి ఉండే హబ్బుకు గ్రీజు కావాలి.

ఆ గ్రీజు అంటే ఏమిటి? సబ్బు పట్టి ఉంచిన నూనె. స్పాంజిలో నీళ్లలాగా సబ్బు పోగుల మధ్య నూనె నిలుస్తుంది, అవసరమైన చోట కొద్దికొద్దిగా వదులుతుంది. ఎక్కువగా వాడే లిథియం గ్రీజులోని సబ్బును 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లంతో చేస్తారు. ఆ ఆమ్లం ఆముదానికి హైడ్రోజన్ పట్టించి తీసేది. తాత వెదురు బొంగులోని ఆముదం, షాపులోని గ్రీజు డబ్బా దూరపు చుట్టాలేమీ కావు. మన ఇళ్లలో పెద్దలకున్న పనితనాన్ని చదువురాని పని అని తీసివేయకండి. దాని వెనుక ఉన్న కారణాన్ని చదువుతో వెతకండి.

ఒక చిన్న సూచనతో ముగిస్తాను. గదికి కొంత చొప్పున పోగుచేసి ఒక గ్రీజు డబ్బా, రెండు కోన్ స్పానర్లు, పాత పళ్ల బ్రష్షులు కొని పెట్టుకోండి. వానలకు ముందు వచ్చే ఒక ఆదివారం పెద్ద తరగతులవారు చిన్నవారికి ఒక్కొక్క హబ్బు విప్పి చూపించండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న సైకిల్ కూడా ఒకసారి పైకెత్తి తిప్పి, చేయి ఫ్రేము మీద పెట్టి చూడండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)