చౌక కారు – కార్మికుని బతుకు

సోషల్ పుస్తకంలో మనమంతా పారిశ్రామిక విప్లవం చదివాం. ఆ తర్వాతి మలుపు చౌక కారు.

1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కంపెనీ 'మోడల్ టి' కారును 850 డాలర్లకు అమ్మింది. 1925 నాటికి అందులో చౌక రకం 260 డాలర్లకే దొరికింది. ఇదెలా సాధ్యమైంది?

1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టారు. కార్మికుడు నిలబడ్డ చోటికే బండి వస్తుంది. ఒకరు బోల్టు పెడితే మరొకరు నట్టు బిగించాలి. రోజంతా అదే పని. పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ బిగింపు 1914కల్లా 93 నిమిషాల్లో పూర్తయింది.

కారు సామాన్యుడికి అందింది. పల్లె రైతుకు పట్నం దగ్గరైంది. కానీ చేతి నేర్పుకు విలువ తగ్గింది. విసుగెత్తి కార్మికులు పని మానేయసాగారు. అందుకే 1914 జనవరిలో ఫోర్డ్ 8 గంటల పనికి 5 డాలర్లు ప్రకటించాడు. అంతకుముందు కూలి అందులో సగం కూడా లేదు. అయితే ఆ డబ్బు పూర్తిగా అందాలంటే నడవడిక బాగుండాలని కంపెనీ మనుషులు ఇళ్లకొచ్చి విచారించేవారు. కార్మిక సంఘాన్ని కంపెనీ గుర్తించింది 1941లోనే.

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి రేపు మనలోనూ కొందరు ఫ్యాక్టరీల్లో చేరతారు. మిత్రులారా, యంత్రంతోపాటు మన హక్కులనూ తెలుసుకుందాం. వస్తువు చౌక కావాలి గానీ మనిషి చౌక కాకూడదు.