నీ నవలలోని రైతు

గడ్డపోతారము

చిరంజీవి మేనల్లునకు,

నీవు పంపిన నవల వ్రాతప్రతిని సాంతముగా చదివితిని. మా చెరువును, మందుల కంపెనీల ప్రహరీల వెంట సాగు దారిని చూచినది చూచినట్లు వర్ణించితివి, అందుకు సంతోషము. కాని భూమి అమ్ముకొని కంపెనీ గేటువద్ద వాచ్‌మన్‌గా కుదిరి, కథలో ముప్పాతిక భాగము ఎవరి యెదుటను నోరు మెదపని నీ రైతు, బోరునీరు రంగు తిరిగిన మరునాడే ఊరిని కూడగట్టి కోర్టు మెట్లెక్కుట నాకు నమ్మశక్యము కాలేదు.

మన పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యముపై వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరినది 1990లో. నీరు చెడుటయో, అంతకు ఏండ్ల ముందే ఆరంభమైనది. నీ నవల యుండవలసినది ఆ నడిమి యేండ్లలోనే గదా! నీరు చెడినదని యెరిగిన రైతు తొలుత బోరు లోతు చాలలేదని సర్దిచెప్పుకొనును. అప్పు తెచ్చి మరింత లోతుగా వేయించును. పాలు తగ్గిన బర్రెను కారణము దాచి సంతలో అమ్మి, ఆ రాత్రి కొన్నవానిని తలచుకొని నిద్రపట్టక పొరలును. ఒకనాడు గ్రామసభలో లేచి నిలుచుండి, కంపెనీ జీతముపై బ్రతుకు కొడుకు ముఖము కంటబడగా మాట మ్రింగి కూర్చుండును. ఈ చిన్న ఓటములు ఒకదానిపై నొకటి పేరుకొని, ఊరకుండుటకంటె పలుకుటయే తేలికయైన దినమున వాడు పలికినచో, పాఠకుడు నమ్మును.

గురజాడ ‘దిద్దుబాటు’లో గోపాలరావు ఒక్క రాత్రిలో మారలేదా యని నీవడుగవచ్చును. 1910 నాటి ఆ కథానిక భర్త పశ్చాత్తాపపడిన క్షణమును మాత్రమే పట్టుకొని, మంచము క్రిందినుండి భార్య నవ్వగానే ముగిసినది. ఆ పశ్చాత్తాపము నిలిచెనా యని మనమడుగము. నవలాకర్తకు ఆ సౌకర్యము లేదు, వానికి మరునాడున్నది.

1897లో అచ్చైన ‘కన్యాశుల్కము’ను గురజాడయే 1909లో ఇంచుమించు క్రొత్త నాటకమనదగినట్లు తిరిగి వ్రాసినప్పుడు వేశ్య మధురవాణి కథకు ఇరుసైనది. వకీలు సౌజన్యారావు పంతులు ఎదుట ఆమె నడచుకొన్న తీరు మనకు వింతగొలుపదు; ఏలయన, పురుషుల డాంబికమును తూచు ఆ బుద్ధియు, దిక్కులేనివారియెడ ఆ కనికరమును అంతకుముందే మనకు కనబడినవి. అదే నాటకములోని గిరీశమో, ఆదినుండి అంతము వరకు గిరీశమే. మారినది వానిని గూర్చిన మన యెరుక. కావున పాత్రలన్నియు మారితీరవలెనను నియమము పెట్టుకొనకుము. నీ సర్పంచును సజ్జనుని చేయుటకు నీవు పడిన పాట్లు, మన్నింపుము, నాకు నవ్వు తెప్పించినవి.

పతనమును పరిణామమే. గోపీచందు ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు వంశప్రతిష్ఠ యను భ్రమలో ఆస్తిని, తుదకు తన్ను తానే పోగొట్టుకొన్నాడు, ప్రతి మెట్టును తానే దిగినాడు, రచయిత త్రోసినట్లుండదు.

నీవు చేయవలసిన పని యిది. తుది భాగమును ప్రక్కన పెట్టి, రైతు కొడుకునకు ఆ కంపెనీలోనే ఉద్యోగ మిప్పించుము. తండ్రి నోరు తెరచినచో కొడుకు జీతము పోవు స్థితి కల్పించుము. ఆ యింట భోజనవేళ వారిరువురు ఏమి మాటాడుకొందురో, ఏమి మాటాడుకొనరో వ్రాయుము. కోర్టు సంగతి ఆ పిమ్మట చూతము. క్రొత్త ప్రతిని దసరాలోగా పంపుము, తప్పక చదివెదను.

ఇట్లు,
నీ మేనమామ