మందునకు లొంగని కలుపు

కోతకు ముందు జొన్నచేనిలో తిరిగి, నిండైన కంకులను ఏరి, విత్తనమునకై వేఱుగా కట్టి దాచుట రాయికోడ్ ప్రాంతపు పెద్దలకు తెలిసిన పనియే. ఏరిన కంకిని బట్టి మఱుసటి యేటి పైరు. శాస్త్రజ్ఞులు క్రొత్త వంగడములను తీయుటకును మూలము ఈ ఏరుటయే. అయితే మన చేలలో మనకు తెలియకుండ మఱియొక ఏరుడు సాగుచున్నది. మందు చల్లినపుడు చచ్చిన కలుపు పోవును. చావనిది గింజ రాల్చును. ఏటేట అదే మందు చల్లు రైతు, దానికి లొంగని కలుపును తన చేతులతోనే ఏరి విత్తుకొన్నవాఁడగును. ఈ సంగతిని సభ్యులకు విశదముగా తెలుపఁ దలఁచితిమి.

కలుపుమందులలో పెక్కు మొక్కలోని ఏదో యొక్క పనిని మాత్రమే ఆపును. సోయాచిక్కుడులో వాడు ఇమాజెథాపిర్‌ను చూడుఁడు. మాంసకృత్తులకు వలసిన మూడు పదార్థములను మొక్క ఒక ఎంజైము సాయమున తయారుచేసికొనును. మందు ఆ ఎంజైమును పట్టి నిలుపును. మొక్క క్రమముగా ఎండును. కాని లక్షల మొక్కలలో ఎక్కడనో యొకదానియందు ఆ ఎంజైము పుట్టుకతోనే రవంత మాఱియుండును. దానిని మందు పట్టదు. ఆ మార్పును మందు కలిగింపలేదు. చుట్టునున్న తక్కిన మొక్కలను చంపి, దానికి చోటిచ్చినది.

అమెరికాలో అట్రజిన్ జాతి మందులకు చావని కలుపునుగూర్చి 1970లోనే ప్రకటింపఁబడెను. మన దేశమున హర్యానా రైతులు ఇందువలన మిక్కిలి నష్టపడిరి. అచ్చట వరి తీసి గోధుమ వేయుదురు. గోధుమను పోలిన మండూసి అను గడ్డిని చంపుటకు పదేండ్లకు పైగా ఐసోప్రొట్యురాన్ అను ఒక్క మందునే వాడిరి. 1990 తరువాతి యేండ్లలో ఆ మందు పనిచేయుట మానెను. కొందఱు పచ్చి గోధుమను పశువులకు మేతగా కోయవలసివచ్చెను. తరువాత వచ్చిన మందులలో కొన్నిటికిని ఆ గడ్డి అలవాటుపడినది. చెఱకు, పశుగ్రాసము మొదలగువానితో పంట మార్చిన చేలలో మాత్రము ఈ బాధ తక్కువగా కనఁబడెను.

ఇఁక జొన్న మాట. అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున కాసిం అల్-ఖతీబ్ అను కలుపుశాస్త్రజ్ఞుఁడును, మిచెల్ టుయిన్‌స్ట్రా అను జొన్న వంగడముల శాస్త్రజ్ఞుఁడును విచిత్రమైన పని చేసిరి. ఇమాజెథాపిర్ పట్టు ఎంజైమునే పట్టు మందులకు చావని అడవిజొన్న యొకటి ఆ ప్రాంతమున కలుపుగా పెరిగెను. వారు దానిని సాగుజొన్నతో సంకరపఱచి, ఆ గుణమును పైరునకు తెచ్చిరి. శత్రువు చేతి కత్తిని లాగికొన్నట్లే! కాని కత్తి మరల శత్రువు చేత పడు మార్గమును గలదు. కాలిఫోర్నియాలో జరిపిన పరిశోధనలో, సాగుజొన్న పుప్పొడి నూఱు మీటర్ల దూరముననున్న గడ్డిజొన్నను సైతము చేరి సంకరమైనట్లు 1996లో తేలెను. దాయాది కలుపు ప్రక్కనున్న చేనికి ఇట్టి విత్తనము ఎంతకాలము ఉపకరించునో మాకు సందేహమే.

కూలి భారము చేత మందు పట్టిన రైతును మేము నిందింపము. కాని జొన్నలో చల్లు అట్రజిన్ అందు సాళ్లుగా వేసిన కందికి హాని. జొన్న, కంది, పెసర కలిపి వేయు చేనికి గుంటుకయు కొడవలియు నేఁటికిని తగిన సాధనములు. (గునుగును సమూలముగా చంపినచో బతుకమ్మకు పువ్వెక్కడిదని మా యింటివారు అడుగుచున్నారు!) మందు వాడువారు పంట మార్చినపుడు మందు జాతినికూడ మార్చవలెను. డబ్బాపై పెద్ద పేరు వేఱైనను లోపలి మందు ఒకటే కావచ్చును. క్రింది చిన్న అక్షరములను చదివించుకొనుఁడు.

చల్లిన మూడు వారములకు చేను చూడుఁడు. ఒక సాలు పొడవునను అన్ని రకముల కలుపును బ్రదికియున్నచో పంపుదో చల్లినవానిదో లోపము. అన్నియు చచ్చి, ఒకే జాతి మొక్కలు అక్కడక్కడ పచ్చగా నిలిచినచో అనుమానింపవలెను. వానిని పూతకు ముందే వేళ్లతో పెఱికి, గట్టున వేయక చేని వెలుపలికి చేర్చి, మఱుసటి యేఁడు ఆ మడిలో ఆ మందు చల్లకుఁడు.